పిడికెడు ఎంత?

నేను ముప్పదియారు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించితిని. కొలువక వ్రాసిన అంకెను నేనెన్నడును అంగీకరింపలేదు. గాజుగొట్టములోని నీటిమట్టమును కంటి యెత్తున నుంచి చూడవలెనని, త్రాసుముల్లు నిలిచిన పిమ్మటనే బరువు వ్రాసికొనవలెనని విద్యార్థులను ఎన్నిసార్లు మందలించితినో లెక్కలేదు. అట్టి నేను మా యింటి వంటగదిలో ఒక్కనాడైనను దేనిని కొలిచి యెరుగను. అచ్చట నాకు 'చేతి మహిమ' అను మాట యొకటి చాలియుండెను. ఆ మాట ఒక మనిషిని ఎంత నొప్పింపగలదో తెలిసికొనుటకు నేను సముద్రములు దాటి, ఒక వృద్ధురాలి వంటగదిలో కూర్చుండవలసి వచ్చినది.

2018 సంవత్సరము డిసెంబరు నెలలో నేనును నా భార్యయు అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా కుమారుని యింటికి పోయితిమి. మసాచుసెట్సు రాష్ట్రములో బోస్టను నగరమునకు దక్షిణముగా నున్న చిన్న ఊరు అది. ఆ నెలలో అచ్చట సాయంకాలము నాలుగు గంటలు దాటినంతనే ప్రొద్దు క్రుంకును. కొడుకును కోడలును పనులకు, ఎనిమిదేండ్ల మనుమడు బడికి పోయిన పిమ్మట మేమిద్దరము కిటికీ ప్రక్కన కూర్చుండి మంచు పడుట చూచుచు ప్రొద్దుపుచ్చెడివారము. ఒకనాడు పొరుగింటి వృద్ధురాలు రేకు డబ్బా యొకటి చేతబట్టుకొని వచ్చి తలుపు తట్టెను. ఆమెకు ఎనుబదియేండ్లు దాటియుండును. క్రొత్తగా వచ్చినవారికి ఆ కాలమున తీపి పంచుట అచ్చటివారి వాడుక.

డబ్బాలో నున్నవి కుకీలు. మనము బిస్కత్తు లనునవియే అమెరికాలో కుకీలు. అమెరికావారు బిస్కత్తు అనినచో అది మెత్తని రొట్టె వంటి వేరొక పదార్థము. పూర్వము న్యూయార్కు ప్రాంతమున కాపురముండిన డచ్చివారి నుండి కుకీ యను మాట వచ్చినది. వారి భాషలో దానికి చిన్న కేకు అని యర్థము. మేము తిన్న కుకీలు అంచున కరకరలాడుచు, నడుమ మెత్తగా నుండెను. వానినిండ చాక్లెట్టు ముక్కలు. కొన్నింటిపై ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పంచదార పెంకుగల చాక్లెట్టు గుండీలు. మన పిల్లలు జెమ్స్ అని పిలుచునట్టివి. అవి అమెరికాలో 1941లో బయలుదేరినవి. చేతిలో కరగక నిలుచుటచేత ఆ యుద్ధకాలమున సైనికులకు విరివిగా చేరినవి.

మనుమడు సాయంకాలమునకే డబ్బా ఖాళీచేసెను. ఖాళీ డబ్బా తిరిగి యిచ్చుట మర్యాద కాదని మరునాడు నా భార్య అందులో జంతికలు పోసి పంపెను. స్నేహము అట్లు మొదలైనది. ఆ వారమే ఆమె మమ్ముల నిద్దరిని, బడి సెలవైన మనుమనిని తన వంటగదికి పిలిచి, కుకీలు చేయుట చూపుదునని చెప్పెను.

నేను మొదట గమనించినది ఆమె కొలత. పిండిని గిన్నెలోనికి చెంచాతో వదులుగా నింపి, చాకు వీపుతో పైభాగమును చదునుగా దువ్వెను. చెంచాడు సోడా యైనను అట్లే. నా ప్రయోగశాల నాకు కనులయెదుట నిలిచినది. నేను సంతోషముతో ఆ మాట చెప్పగా ఆమె నవ్వి, "ఇది ఈ రాష్ట్రములో పుట్టిన యలవాటే" యనెను. బోస్టనులో వంట బోధించు పాఠశాల ఒకటి యుండెడిది. దానిని నడపిన ఫానీ ఫార్మరు అను నామె 1896లో ప్రకటించిన వంటల పుస్తకములో, గిన్నెయైనను చెంచాయైనను చదునుగా దువ్వి కొలువవలెనని నిర్బంధించెను. అంతకు పూర్వపు వంటల పుస్తకములలో 'గ్రుడ్డంత వెన్న' వంటి కొలతలుండెడివి. ఎవరి కోడి గ్రుడ్డు అని అడుగువారు లేరు.

పని సాగినది. గది వేడికి మెత్తబడిన వెన్నలో తెల్ల పంచదారయు, మడ్డి వాసన వేయు గోధుమరంగు చక్కెరయు వేసి ఆమె చాలసేపు మెదిపెను. ఆ చక్కెర వాసన మా ఊరి బెల్లపు బట్టీని జ్ఞప్తికి తెచ్చినది. చక్కెర పలుకులు వెన్నను చీల్చుకొని పోవుచు గాలిని అందులో బంధించును. పిదప గ్రుడ్లు, వేడినీట కరగించిన సోడా, పిండి, ఉప్పు. (గ్రుడ్ల సంగతి మా అక్కయ్యకు నేను నేటికిని చెప్పలేదు.) గోధుమరంగు చక్కెరలోని కొద్దిపాటి పులుపు సోడాతో కలిసి బొగ్గుపులుసు వాయువు పుట్టించునని నేను మనుమనికి చెప్పబోతిని గాని, వాని చూపు చాక్లెట్టు మీదనే యుండెను. చాక్లెట్టు దిమ్మను ఆమె బఠాణి గింజంత ముక్కలుగా తరిగెను. అంగడిలో సిద్ధముగా తరిగిన ముక్కలు దొరకును. కాని తన తల్లి వాడిన పాత పుస్తకములో బఠాణి గింజంత యని యున్నది గనుక తాను అట్లే చేయుదుననెను.

అంతయు కలిపి ముద్ద చేసిన తరువాత ఆమె దానిని కప్పి చల్లని పెట్టెలో నుంచి, "రేపు రండు" అని చెప్పెను. మనుమడు నిర్ఘాంతపోయెను. "ఇవాళ కాదా తాతయ్యా?" అని వాడు నా చేయి పట్టి లాగెను. రాత్రియెల్ల నిలువయున్నచో పిండి తడిని బాగుగా పీల్చుకొనును, వెన్న గట్టిపడును. అందుచేత కాల్చునప్పుడు ముద్ద పలుచగా పారిపోదు. ఇవి మంచి కారణములే కాని, ఎనిమిదేండ్ల పిల్లవానికి ఒక రాత్రి ఎంత దీర్ఘమో ఆ కారణములకు తెలియదు.

మరునాడు చిన్న చిన్న ముద్దలను రేకుపై దూరదూరముగా నుంచి ఓవెనులో పెట్టెను. ఓవెను అనగా అన్ని ప్రక్కలనుండి వేడి తగులు పెట్టె వంటి పొయ్యి. వేడి 190 డిగ్రీల సెంటీగ్రేడు. కాలము పది నుండి పండ్రెండు నిమిషములు. గాజు తలుపు ముందర మనుమడు గొంతుకూర్చుండి, ముద్దలు క్రుంగి చక్రములగుట చూచుచుండెను. వెన్నయు చక్కెరయు కాలు వాసన ఇల్లంతయు నిండినది. నాకొక ప్రశ్న పుట్టెను. చాక్లెట్టు మన శరీరపు వేడికే కరగును గదా, ఇంత వేడిలో ఆ ముక్కలు రూపు చెడక ఎట్లు నిలిచినవి? నిజమునకు అవి మెత్తబడును. కాని కదలించువారు లేరు, చుట్టునున్న పిండి గట్టిపడి గూడువలె కాపాడును, చల్లారగానే అవి మరల గడ్డకట్టును. పిండిలో తడి యున్నంతవరకు దాని లోపలి వేడి నీరు మరుగు వేడిని దాటిపోదు.

అప్పుడు నా తెలివిని చూపవలెనని నాకు బుద్ధి పుట్టెను. ఈ కుకీల పుట్టుక గురించి నేను ఎచ్చటనో చదివియుంటిని. అచ్చటికి సమీపముననే విట్మను అను ఊరిలో టోల్‌హౌసు అను భోజనశాల నడపిన రూత్ వేక్‌ఫీల్డు ఒకనాడు వంట చాక్లెట్టు లేకపోగా, మామూలు చాక్లెట్టు దిమ్మను విరిచి పిండిలో వేసెననియు, అది కరగి కలిసిపోవునని తలచెననియు, కరగకపోగా లోకమునకు క్రొత్త తినుబండారము దొరికెననియు ఆ కథ. "ఎంత అదృష్టము!" అని ముగించితిని.

వృద్ధురాలు చేతిలోని గరిటె క్రింద నుంచెను. "ఈ కథను ఎవరు పుట్టించిరో గాని, ఆమెను వారు ఎరుగరు. ఆమె గృహశాస్త్రము చదివి 1924లో పట్టము పొందినది. ఆ శాస్త్రమునే పిల్లలకు బోధించినది. 1930లో భర్తతో కలిసి ఆ భోజనశాల కొని, వందలకొలది వంటకములను కొలతలతో పుస్తకముగా వ్రాసినది. అట్టి యామెకు చాక్లెట్టు ఏ వేడిలో ఏమగునో తెలియదా? ఐస్‌క్రీముతో వడ్డించు పలుచని పప్పుల కుకీకి బదులుగా వేరొకటి చేయవలెనని ప్రయత్నించితినని ఆమెయే చెప్పినది. తెలిసి చేసినదానిని అదృష్టమనుట ఆమె చేతిలోని పనిని లాగికొనుట కాదా?"

నాకు బదులు తోచలేదు. నా భార్యకు ఇంగ్లీషు అంతగా రాదు. వృద్ధురాలి ముఖములోని మార్పు చూచి, "ఏమంటున్నారండీ ఆవిడ?" అని అడిగెను. నేను ఆ మాటలను ఒక్కొక్కటిగా తెలుగు చేసి చెప్పవలసి వచ్చినది. చెప్పుచున్నకొలది నా గొంతు తగ్గిపోయినది. అంతయు విని ఆమె నావంక చూడక, ఓవెను వంక చూచుచు మెల్లగా, "అత్తయ్యగారు కూడా తెలిసే చేశారు. మనం అడగలేదు, అంతే" అనెను.

ఈ మాట చదువరులకు తెలియవలెనన్నచో ఇరువదియారేండ్లు వెనుకకు పోవలెను.

మా అమ్మ బూందీలడ్డు చేయుటలో మా తాలూకాలోనే పేరుపొందినది. ఆమె లడ్డులో జీడిపప్పు, కిస్మిస్, ఏలకులు, పచ్చకర్పూరము అందరివలెనే యుండెను. వానితోడ పటికబెల్లపు పలుకులు కూడ పడెడివి. మెత్తని లడ్డు నోట కరగుచుండగా ఒక్కొక్క కాటునకు ఒక్కొక్క పలుకు పంటి క్రింద చిటుక్కుమనును. పిల్లలము ఆ పలుకు కొరకే తినెడివారము. తిరుమల శ్రీవారి లడ్డులో కూడ కలకండ పలుకులు వేయుదురు. అచ్చటి వంటశాలకు పోటు అని పేరు. ఏ సరకు ఎంత పడవలెనో తెలుపు పట్టికకు దిట్టము అని పేరు. మా అమ్మకు దిట్టము లేదని నేననుకొంటిని. తవ్వెడు శనగపిండి, దానికి తగిన పంచదార, పిడికెడు పటికబెల్లము. అంతయు చేతి మహిమ.

అమ్మ 1991లో పోయినది. ఏడాది గడచిన పిమ్మట వచ్చిన దీపావళికి నా తోడి ఉపాధ్యాయులను ఇంటికి పిలిచితిని. నా భార్య రాత్రియంతయు మేలుకొని నూరు లడ్డులు కట్టెను. తెల్లవారునప్పటికి వానిలోని పటికబెల్లము కరగి నీరు వదలినది. లడ్డులు పళ్ళెములోనే విచ్చిపోవుచుండెను. నేనొకటి నోట వేసికొని, పదిమందిలో, "ఇది మా అమ్మ చేతి మహిమండీ. అందరికీ రమ్మంటే వస్తుందా?" అంటిని. అందరును నవ్విరి. నా భార్య మంచినీళ్ళ చెంబు అచ్చటనే యుంచి లోనికి పోయెను. నాటినుండి ఆమె మరల లడ్డు చేయలేదు. పండుగలకు మిఠాయి అంగడినుండి తెప్పించితిమి. ఎందుకని నేనును అడుగలేదు. చక్కెర నీట కరగుట వేరు, వేడికి కరగుట వేరు అని బడిలో ఏటేట బోధించిన నేను, ఆ దినమున అందు ఏది జరిగినదో యోచించినవాడను కాను.

కొన్నిదినములకు వృద్ధురాలు మమ్ముల విట్మనునకు తీసికొనిపోయెను. అచ్చట చూడదగిన దేదియు లేదు. ఆ భోజనశాల 1984లో కాలిపోయినది. గుర్తుగా ఒక ఫలకము మాత్రమున్నది. ఆమె కుకీ లెక్క 1938 నాటి పుస్తకములో అచ్చయినది. తరువాత నెస్లే వారి చాక్లెట్టు పొట్లములపై ఎక్కి దేశమంతట వ్యాపించినది. 1997లో మసాచుసెట్సు ప్రభుత్వము దానిని రాష్ట్రపు కుకీగా ప్రకటించినది. అట్లు చేయవలెనని కోరినవారు సోమర్సెట్ అను ఊరిలోని మూడవ తరగతి పిల్లలు. నా మనుమడును అప్పుడు మూడవ తరగతియే గనుక, తానే కోరినంత గర్వముతో ఆ ఫలకము ముందర నిలువబడెను.

2019 ఏప్రిలు నెలలో మేము తిరిగి వచ్చితిమి. వచ్చిన వారమే ఒక చిన్న త్రాసును, బడినాటి నా ఉష్ణమాపకమును సంచిలో నుంచుకొని, నా భార్యతో కోనసీమలోని మా అక్కయ్య యింటికి పోయితిని. అక్కయ్యకు అప్పటికి ఎనుబదిరెండేండ్లు. చిన్ననాటినుండి అమ్మ ప్రక్కన నిలిచి బూందీ దూసినది ఆమెయే. సంగతి చెప్పగా, "ఏరా తమ్ముడూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందిరా? మగపిల్లాడివి, నీకెందుకులే అనుకున్నాను" అని నవ్వెను.

ఆమె పీట వేయించుకొని కూర్చుండి చెప్పుచుండగా నా భార్య చేసెను, నేను వ్రాసికొంటిని. ఇత్తడి తవ్వతో కొలిచిన ప్రతి సరకును మరల త్రాసులో నుంచి గ్రాములు వేసితిని. అక్కయ్యకు ఇది పరిహాసముగా నుండెను. చట్రములోనుండి బూందీ నూనెలో పడినది. తీగపాకములో నానినది. నా భార్య పటికబెల్లపు గిన్నె చేతబట్టుకొని అక్కయ్య వంక చూచెను.

"అప్పుడే కాదు. గాజులు చూసుకో" అనెను అక్కయ్య.

మాకు అర్థము కాలేదు. అక్కయ్య వివరించెను. అమ్మ బూందీలో మణికట్టువరకు చేయి దూర్చి, బంగారు గాజులు చురుక్కుమనునంతవరకు పటికబెల్లము వేసెడిది కాదట. గాజులు కాలనప్పుడు, బూందీ పాకమునంతను పీల్చుకొని చేతికి తడి అంటనప్పుడు వేసెడిదట. లోహము వేడిని వేగముగా గ్రహించునని నేను ఎన్నిమారులు నల్లబల్లపై వ్రాసితిని! చదువురాని మా అమ్మ తన ఉష్ణమాపకమును చేతికే తొడుగుకొని యుండెను. నేను నా గాజుగొట్టమును బూందీలో గ్రుచ్చి చూచితిని. నా భార్య గాజులు చురుక్కుమనుట మానినప్పుడు అది 45 డిగ్రీలు చూపెను.

ఇక మిగిలినది పిడికెడు. పటికబెల్లమును చిన్నరోటిలో నలుగగొట్టి సిద్ధముచేసితిమి. అక్కయ్య పిడికిట తీసి త్రాసులో పోసెను. 85 గ్రాములు. నేను వ్రాసికొనబోవుచుండగా ఆమె నా చేయి పట్టి ఆపెను.

"ఉండరా. నా పిడికిలి అమ్మ పిడికిలి కాదు. అమ్మది చిన్న చెయ్యి. అమ్మ గాజులు నాకు ఎక్కనే లేదు. ఎవరికి సరిపోయాయో మరిచిపోయావా?"

మరచిపోయితిని. అమ్మ చివరినాళ్ళలో ఆ గాజులు కూతురి చేతికి ఎక్కకపోగా కోడలి చేతికి తొడిగినది. సబ్బు నురుగు గాని నూనె గాని లేక అవి జారిపోయి అమరినవి. నాటినుండి నేటివరకు అవి నా భార్య చేతనే యున్నవి. వానిని నేను నిత్యము చూచుచున్నాను.

నా భార్య కొంగుతో చేయి తుడిచికొని గిన్నెలోనుండి పిడికెడు తీసెను. త్రాసుముల్లు ఊగి ఊగి నిలిచినది. నిలిచిన దాక ఆగి చూచితిని. 60 గ్రాములు.

"వదినగారూ, ఇప్పుడు వెయ్యనా?" అని ఆమె అడిగెను. అక్కయ్య వేయుమన్నట్లు తలయూపెను. నా భార్య పటికబెల్లము బూందీపై చల్లి, రెండు చేతులతో కలుపుచు, నావంక తిరిగి, "చూస్తారేమండీ, రాసుకోండి" అనెను.